కుక్కలకు, పిల్లులకు వచ్చు దీర్ఘవ్యాధులు - ఇంటివారు చేయదగిన పని

రైతు ఇంట పాడిగేదె మేత మానినచో ఆనాడే పశువైద్యుని కొరకు మనిషి పోవును. కళ్ళము వద్ద రాత్రులు కాపలా కాచు కుక్క గాని, ధాన్యపు కొట్టులో ఎలుకలను పట్టు పిల్లి గాని జబ్బుపడినచో అట్టి తొందర కనబడదు. రెండు దినములు చూచి, తగ్గనిచో ఇంటిలోనున్న బిళ్ళ ఒకటి వేసి, అప్పటికిని తగ్గనిచో దాని అదృష్టమునకు విడిచిపెట్టుట పరిపాటి. టీకాలు వేయించి, ఇంటిపట్టున ఉంచి పెంచిన కుక్క పది పన్నెండేండ్లు సులభముగా బ్రదుకును. పిల్లి అంతకంటె ఎక్కువ కాలమే బ్రదుకవచ్చును. అంత ఆయువు వచ్చినపుడు ముసలితనమున మనుష్యులకు వచ్చు జబ్బులే వాటికిని వచ్చును. కీళ్ళవాతము, మూత్రపిండముల క్షీణత, చక్కెర వ్యాధి, గుండె బలహీనత అట్టివి. మూర్ఛ మాత్రము చిన్న వయస్సుననే మొదలుకావచ్చును.

ఇవి జ్వరము వలె వచ్చిపోవు జబ్బులు కావు. చౌడు నేలను మీరెరుగుదురు. ఒక్క ఏడాది జిప్సము చల్లి, మురుగుకాలువ తీసినంత మాత్రమున చౌడు శాశ్వతముగా పోదు. ఏటేట దానిని కనిపెట్టి, దానికి తగిన వరి రకము వేసి, నీరు నిలువకుండ చూచుకొనుచున్నంత కాలము పంట వచ్చును. ఏమరినచో తిరిగి పైకి తేలును. దీర్ఘవ్యాధి కూడ అట్టిదే. దానిని కుదుర్చుట కాదు, అదుపులో ఉంచుటయే మన చేతిలోనున్న పని.

ఈ వ్యాసము వ్రాయువాడు పశువైద్యుడు కాడు. పైరుల సాగు బోధించువాడు. పొలములు చూడబోయినపుడు ఎరువుల సంగతి, తెగుళ్ళ సంగతి అయిన పిమ్మట, "కుక్కకు ఈ మందు వేయవచ్చునా?" అని అడుగు రైతులు చాల మంది. వారు చూపు మందులలో కొన్ని ప్రాణము తీయునవి. అందుచేత ఏ మందు, ఎంత మోతాదు అను నిర్ణయమును పశువైద్యునికే విడిచి, ఆయన వద్దకు ఒకసారి పోయివచ్చిన తరువాత మరల పోవు వరకు నడుమనున్న రోజులలో ఇంటివారు చేయవలసినదేమో, చేయరానిదేమో ఇచట వ్రాయుచున్నాను.

కాటా, కొలచెంబు, నోటుపుస్తకము

పత్తి తూచు కాటా మీ ఇంట ఉన్నచో కుక్క బరువు తెలిసికొనుట కష్టము కాదు. కుక్కను ఎత్తుకొని మీరు కాటాపై నిలువవలెను. పిమ్మట మీరొక్కరే నిలిచి, ఆ బరువును తీసివేయవలెను. పిల్లిని మూతగల బుట్టలో పెట్టి తూచవచ్చును. నెలకొకసారి తూచి, తేదీతో సహా నోటుపుస్తకమున వ్రాయవలెను. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గినచో కంటికి ఏమియు కనబడదు. కాని అది పదియవ వంతు. అరువది కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్లు. బొచ్చు దట్టముగానున్న జంతువు చిక్కిన సంగతి కాటా చెప్పినంత ముందుగా కన్ను చెప్పదు.

బరువు కంటె ముఖ్యమైనది నీరు. ఆరోగ్యముగానున్న కుక్క ప్రతి కిలో బరువునకు రోజుకు సుమారు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు త్రాగును. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటినచో అది వ్యాధి లక్షణము. అనగా 15 కిలోల కుక్క రోజుకు లీటరున్నర మించి త్రాగుచున్నచో కారణము వెదకవలెను. పిల్లి సహజముగా తక్కువ త్రాగును. కిలోకు 50 మిల్లీలీటర్లు దాటినచో, అనగా నాలుగు కిలోల పిల్లి రోజుకు 200 మిల్లీలీటర్లు మించి త్రాగినచో సందేహింపవలెను. రోహిణీ కార్తె ఎండలలో ఏ జంతువైనను ఎక్కువ త్రాగును గనుక, ఆ రోజుల లెక్కను మాఘమాసపు లెక్కతో పోల్చరాదు. కుడితి తొట్టిలోను, బోరు కాలువలోను త్రాగు కుక్కకు లెక్క కట్టుట వీలుకాదు. రెండు దినములు కట్టివేసి, ప్రొద్దున కొలిచి పోసి, మరునాటి ప్రొద్దున మిగిలినది కొలిచిన చాలును.

ఎక్కువ నీరు త్రాగుటకు మూత్రపిండములు చెడుట, చక్కెర వ్యాధి, కొన్ని రకముల సూదిమందులు కారణములు కావచ్చును. ఆపరేషను చేయించని ఆడకుక్కలో, ఎదకు వచ్చిన కొన్ని వారములకు దాహము హెచ్చి, మేత తగ్గినచో గర్భసంచికి చీము పట్టియుండవచ్చును. అది దీర్ఘవ్యాధి కాదు, ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలసిన జబ్బు. ఇక్కడ ఒక మాట. రాత్రిపూట వసారా తడుపుచున్నదని సాయంకాలము నుండి నీటిగిన్నె తీసివేయువారు కలరు. ఇది పెద్ద పొరపాటు. అది ఎక్కువ త్రాగుచున్నందున ఎక్కువ పోయుట లేదు. లోపల నీరు నిలువక బయటకు పోవుచున్నందున త్రాగుచున్నది. గిన్నె తీసివేసినచో ఒక్క రాత్రిలో ఒళ్ళు ఎండిపోయి ప్రాణము మీదికి వచ్చును.

మూడవది ఊపిరి. కుక్క గాని పిల్లి గాని గాఢముగా నిద్రించుచున్నపుడు డొక్క లేచి పడుట ఒకటిగా లెక్కించి, నిమిషమునకు ఎన్నియో చూడవలెను. 30 లోపున ఉండవలెను. గుండె జబ్బు ఉన్నదని తెలిసిన జంతువులో ఈ లెక్క నిద్రలోనే 30 దాటి నిలిచినచో ఊపిరితిత్తులలో నీరు చేరుచున్నదని అనుమానించి, దగ్గు వచ్చు వరకు ఆగక ఆనాడే పశువైద్యునికి చూపవలెను. గడియారము తప్ప దీనికి ఖర్చు లేదు.

ముసలి కుక్క కీళ్ళు

ప్రొద్దున లేచునపుడు వెనుక కాళ్ళు బిగుసుకొనుట, పది అడుగులు వేసిన తరువాత సర్దుకొనుట, అరుగు ఎక్కుటకు వెనుదీయుట కీళ్ళవాతమునకు మొదటి గుర్తులు. పిల్లులు కుంటవు. కొట్టు అటకపైకి ఎగురుట మానును. వీపు వెనుక భాగము నాకుకొనలేక బొచ్చు అట్టలు కట్టును. "ముసలిదైనది, సోమరియైనది" అని ఇంటివారు అనుకొందురు. చాల సార్లు అది నొప్పి.

దీనికి మొదటి వైద్యము మందు కాదు, తిండి తగ్గించుట. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనను ఇందుకు చెప్పవచ్చును. 48 లాబ్రడారు కుక్కలను ఈడు జోడుగా విడదీసి, ఒక జట్టుకు రెండవ జట్టు కంటె నాలుగవ వంతు తక్కువ తిండి పెట్టి, జీవితాంతము కనిపెట్టిరి. తక్కువ తిన్న జట్టులో సగము కుక్కలు 13 ఏండ్లు దాటినవి. ఎక్కువ తిన్న జట్టులో సగము 11 ఏండ్ల కొద్ది నెలలకే పోయినవి. కీళ్ళవాతము కూడ తక్కువ తిన్న జట్టునకు చాల ఆలస్యముగా వచ్చినది. ఇంత మేలు చేయు మందు నాకు తెలిసి మరియొకటి లేదు. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతితో తడిమినపుడు తగులుచున్నచో కుక్క సరియైన ఒంటితో ఉన్నదని గుర్తు. అందరు తినిన కంచములలో మిగిలినదంతయు దానికే వేయు ఇండ్లలో ఇది కష్టమే. ముఖ్యముగా ముసలివారు, పిల్లలు చాటుగా పెట్టుదురు. వారిని ఒప్పించుట పశువైద్యుని వల్ల కాదు, మీ పనియే.

పడుకొను చోట నున్నని గచ్చు ఉన్నచో గోనెపట్టాలు పరచవలెను. చలికాలమున వరిగడ్డి మందముగా వేయవలెను. పూర్తిగా కట్టివేయుట మంచిది కాదు. రోజుకు రెండు మారులు కొద్దిదూరము నెమ్మదిగా నడిపించిన కండ నిలుచును.

మనుష్యుల బిళ్ళలు

నొప్పి అనగానే చేయి ఇంటిలోని మందుల డబ్బా మీదికి పోవును. ఈ వ్యాసములో మీరు ఒక్క సంగతియే గుర్తుంచుకొనదలచినచో ఇదియే గుర్తుంచుకొనుడు. పిల్లికి పారాసెటమాల్ ఎంత మాత్రము ఇవ్వరాదు.

ఒకసారి వేరుసెనగ చేను చూడబోయిన ఊరిలో ఒక పెద్దామె, "సగం బిళ్ళే గదా బాబూ వేశాను. పసిపిల్లలకి కూడా అంతే వేస్తాం గదా! పొద్దుటికల్లా మూతి వాచిపోయి, నోరంతా మట్టిరంగు తిరిగింది. సాయంత్రానికి పోయింది" అని అడిగినది. ఆమె అనుమానము పిల్లిని పాము కరచినదేమోయని. పాము కాదు, బిళ్ళయే. మన కాలేయము పారాసెటమాలును ఒక పదార్థముతో జతచేసి మూత్రములో పంపివేయును. ఆ జతచేయు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. మిగిలిన మందు లోపలనే విషముగా మారి, రక్తము ప్రాణవాయువును మోయలేకుండ చేయును. చిగుళ్ళు ఎర్రదనము పోయి గోధుమరంగు తిరుగుట, ముఖము, పంజాలు వాచుట, ఎగశ్వాస దాని గుర్తులు. 500 మిల్లీగ్రాముల బిళ్ళలో సగము మూడు కిలోల పిల్లిని చంపుటకు చాలును. తెలియక వేసినచో కొద్ది గంటలలో ఆసుపత్రికి చేర్చి, "పారాసెటమాల్ వేసితిమి" అని దాచక చెప్పవలెను. దీనికి విరుగుడు మందు కలదు. సిగ్గుపడి జ్వరమని చెప్పినచో ఆ విరుగుడు వేయు అవకాశము తప్పిపోవును.

కుక్కలకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలు ఇట్టివే. మనుష్యులకు పనిచేయునవి కదాయని వేసినచో కడుపులో పుండ్లు పడి, మలము తారువలె నల్లగా వచ్చును. మూత్రపిండములు పాడగును. ముసలి కుక్కలో మూత్రపిండములు అప్పటికే సగము చెడియుండవచ్చును. డైక్లోఫెనాక్ చరిత్ర రైతులకు కొంత తెలిసినదే. ఆ మందు పడిన గొడ్లు చచ్చినపుడు వాటి కళేబరములు తిన్న రాబందులు మూత్రపిండములు చెడి కుప్పలుగా రాలినందున, పశువులకు దాని వాడుకను భారత ప్రభుత్వము 2006లో నిషేధించినది. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్‌లను కూడ పశువైద్యమున నిషేధించినది. మనుష్యుల కొరకు డైక్లోఫెనాక్ అమ్ముటకు అనుమతి ఉన్నందున ఆ బిళ్ళలు మందుల షాపులలో ఉండును. అవి పశువులకు కావు.

కుక్క కీళ్ళ నొప్పికి తగిన మందులు లేకపోలేదు. మెలాక్సికామ్ వంటివి పశువైద్యులు బరువును బట్టి వ్రాయుదురు. వాటిని తిండితో పాటు ఇచ్చి, వాంతి గాని నల్లని మలము గాని కనబడిన వెంటనే ఆపి, వైద్యునికి చెప్పవలెను. నొప్పి మందు నడుచుచుండగా మరియొక చోట స్టెరాయిడ్ సూది వేయించరాదు. రెండును కలిసినచో కడుపులో పుండ్లు పడు ప్రమాదము బాగుగా హెచ్చును. ఒక వైద్యుడు వ్రాసిన చీటీని రెండవ వైద్యునికి చూపించుట ఇందుకే.

మూత్రపిండములు, భాస్వరము

ముసలి పిల్లులలో మిక్కిలి తరచుగా కనబడు దీర్ఘవ్యాధి ఇది. కుక్కలలోను కలదు. ఇందులోని మోసమేమనగా, మూత్రపిండములలో మూడింట రెండు వంతులు పనిచేయుట మానిన తరువాత గాని దాహము, పలుచని మూత్రము కనబడవు. నాలుగింట మూడు వంతులు పోయిన పిమ్మట గాని రక్తపరీక్షలో క్రియాటినిన్ హెచ్చుట స్పష్టముగా తెలియదు. పోయిన భాగము తిరిగి రాదు. మిగిలిన భాగమునకు పని తగ్గించి, ఎక్కువ కాలము నిలుపుటయే వైద్యము.

డి.ఎ.పి. బస్తాపై మీరు చదువు భాస్వరమే ఇచట కూడ వచ్చును. తిండిలోని భాస్వరమును ఆరోగ్యముగల మూత్రపిండము బయటకు పంపును. చెడినది పంపలేదు. అది రక్తములో పేరుకొని ఎముకలను గుల్లచేయును, మిగిలిన మూత్రపిండమును త్వరగా చెరచును. ఎముకలు, కాలేయము, పాలు, చేపలు భాస్వరము అధికముగా గలవి. గ్రుడ్డులో పచ్చసొన యందు భాస్వరము హెచ్చు, తెల్లసొన యందు చాల తక్కువ. అందుచేత ఈ జబ్బుగల కుక్కకు ఎముకలు మాన్పి, మెత్తగా ఉడికిన అన్నమునకు ఉడికించిన తెల్లసొన చేర్చి పెట్టుట మనకు అందుబాటులోనున్న మార్గము. ఎంత పెట్టవలెనో, వేరే పోషకములు ఏవి చేర్చవలెనో పశువైద్యుడు చెప్పును. ఏలయన తెల్లసొన అన్నమే సంవత్సరముల తరబడి పెట్టినచో సున్నము మొదలైనవి తగ్గును. ఈ జబ్బుకై తయారగు ప్రత్యేకపు తిండి సంచులలో దొరకును, మంచిదే, కాని ఖరీదు. ఉప్పుచేప, ఊరగాయ కలిపిన అన్నము పూర్తిగా మానవలెను. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసుకూరలు ఏ కుక్కకును, పిల్లికిని పెట్టరాదు. అవి ఎర్ర రక్తకణములను పగులగొట్టును. మూత్రపిండముల జబ్బులో రక్తము ముందే తక్కువగా ఉండును.

పిల్లి విషయములో రెండు సంగతులు వేరుగా చెప్పవలెను. పిల్లికి పాలన్నము, పెరుగన్నము మాత్రమే పెట్టు ఇండ్లు కలవు. టారిన్ అను పదార్థము మాంసములోను, చేపలోను ఉండును. ధాన్యములలో లేదు, పాలలో స్వల్పము. దానిని తన శరీరములో తగినంత తయారుచేసికొనుట పిల్లికి చేతకాదు. అది లోపించినచో గుండె కండరము సాగిపోవునని, టారిన్ ఇచ్చినచో తిరిగి బాగుపడునని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు చూపిరి. కంటిచూపు కూడ పోవును. ఎలుకలు పట్టి తిను పిల్లికి ఈ లోటు ఉండదు. ఇంటిలోనే ఉంచి పెంచు శాకాహారుల పిల్లికి ఉండవచ్చును. మూత్రపిండముల జబ్బు వచ్చినదని పిల్లికి మాంసము ఒక్కసారిగా మాన్పుట కూడ తగదు.

రెండవది, జబ్బుపిల్లి రెండు మూడు దినములు ఏమియు తిననిచో, ముఖ్యముగా అది బలిసిన పిల్లియైనచో, కాలేయమునకు కొవ్వు పట్టి పచ్చకామెర్ల వంటి జబ్బు వచ్చును. కొత్త తిండి తినకున్న "ఆకలైతే అదే తింటుంది" అని పట్టుపట్టరాదు. కుక్కతో ఆ పంతము చెల్లును గాని పిల్లితో చెల్లదు. పాత తిండిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుచు రెండు మూడు వారములలో మార్చవలెను.

నిలుపరాని మందులు

కొన్ని జబ్బులలో మందు వేయుట కంటె మందు ఆపుట ఎక్కువ ప్రమాదము.

చక్కెర వ్యాధి వచ్చిన కుక్కకు రోజుకు రెండు పూటలు ఇన్సులిన్ సూది జీవితాంతము వేయవలెను. బిళ్ళలతో కుక్కలలో పని జరుగదు. పిల్లులలో మాత్రము కొన్నిటికి, మొదట ఇన్సులిన్ ఇచ్చి తిండి సరిచేసి బరువు తగ్గించినచో సూది అవసరము లేని స్థితి రావచ్చును. "కుక్కకు ఇన్సులినా?" అని నవ్వువారున్నారు. అసలు ఆ మందు కుక్కల వలననే మనకు దక్కినది. 1889లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనువారు ఒక కుక్క క్లోమమును తీసివేయగా దాని మూత్రములో చక్కెర పోవుట కనబడినది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమము తీసిన కుక్కలకు క్లోమపు సారము ఎక్కించి చక్కెర తగ్గుట చూచిరి. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఆ మందు ఇచ్చిరి.

సూది వేయుట రెండు దినములలో ఎవరైనను నేర్చుకొనవచ్చును. తప్పు జరుగునది సిరంజి వద్ద. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండును దొరకును. 40కి ఎర్ర మూత సిరంజి, 100కు నారింజరంగు మూత సిరంజి. ఒకదాని మందును రెండవ దాని సిరంజితో తీసినచో రెండున్నర రెట్లు ఎక్కువ గాని తక్కువ గాని పడును. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటియే కావలెను. ఫ్రిజ్ లేనిచోట నీటి కుండ ప్రక్కన తడియిసుకలో దించిన చిన్న కుండలో సీసాను తడవకుండ ఉంచిన వేసవి వేడి నుండి కాపాడవచ్చును. ఫ్రిజ్ ఉన్నచో మంచు గడ్డకట్టు అరలో పెట్టరాదు. కుక్క ఆ పూట తిననిచో పూర్తి మోతాదు వేయక, వైద్యుని అడుగవలెను. సూది పడిన కొద్ది గంటలకు తూలుట, వణకుట, సొమ్మసిల్లుట కనబడినచో చక్కెర మరీ దిగినదన్నమాట. బెల్లపు పాకమును చిగుళ్ళకు రుద్ది వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మూర్ఛకు సాధారణముగా ఫినోబార్బిటోన్ వ్రాయుదురు. పండ్రెండు గంటలకొకసారి వేయవలెను. రక్తములో దాని మట్టము నిలుచుటకు సుమారు రెండు వారములు పట్టును. అంతలోనే "పనిచేయలేదు" అని మానరాదు. మూడు నెలలు మూర్ఛ రాలేదు, కుదిరినదని మానుటయు అంతే. ఒక్కసారిగా ఆపినచో ముందుకంటె తీవ్రమైన మూర్ఛలు వెంటవెంటనే వచ్చును. పది దినములకు సరిపడ మాత్రలు మిగిలియుండగనే క్రొత్తవి తెచ్చుకొనుడు. పండుగకు ఊరు పోవుచు ప్రక్కింటివారికి కుక్కను అప్పగించునపుడు తిండి సంగతి నోటితో చెప్పినను, మందు సంగతి కాగితముపై వ్రాసి ఇయ్యవలెను.

మూర్ఛ వచ్చుచున్నపుడు చేతిలో తాళపుచెవులు పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట మన యలవాటు. వాటివలన ఫలము లేదు. రాళ్ళు, నీటితొట్టి ప్రక్కలేకుండ చూచి, గడియారము చూడవలెను. అయిదు నిమిషములు దాటినను, ఒక్క రోజులో రెండు మూడు మారులు వచ్చినను అత్యవసరము. నోటిలో చేయి పెట్టరాదు. దీనికి ఇంకొక కారణము కూడ కలదు. రేబిస్ టీకా పడని కుక్కకు మొదటిసారిగా మూర్ఛ వచ్చి, దవడ వ్రేలాడుచు, చొంగ కారుచు, అయినవారిని కూడ గుర్తింపనిచో అది మూర్ఛరోగము కాక పిచ్చికుక్క వ్యాధి కావచ్చును. దాని చొంగ గాయముపై పడినను, అది కరచినను, పారు నీటిలో సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, ఆనాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. దీర్ఘవ్యాధి ఉన్నదని ఏటేటి రేబిస్ టీకా దాటవేయరాదు. బలహీనముగా ఉన్నచో ఎప్పుడు వేయవలెనో వైద్యుడు చెప్పును.

పిడుదులు, దురద, స్టెరాయిడ్ సూది

పిడుదుల వలన వచ్చు ఎర్లీకియా జ్వరము తెలియక వదలినచో దీర్ఘవ్యాధి యగును. మొదట జ్వరము వచ్చి తగ్గినట్లుండును. క్రిమి నెలలు, సంవత్సరములు లోపల దాగి, పిమ్మట రక్తము క్షీణించి, ముక్కు నుండి రక్తము కారుట, చిగుళ్ళు పాలిపోవుట కనబడును. డాక్సీసైక్లిన్ నాలుగు వారములు ఇవ్వవలెను. అయిదవ దినమున కుక్క లేచి తినుట చూచి మాత్రలు ఆపువారే ఎక్కువ. ఆ మాత్రను పాలతో ఇవ్వరాదు, పాలలోని సున్నము దానిని పట్టివేయును. అన్నముతో పెట్టి, పిమ్మట నీరు త్రాగనీయవలెను.

పిడుదులు కుక్క మీద కంటె గోడల బీటలలో ఎక్కువ. ఒక ఆడ పిడుదు వేలకొలది గ్రుడ్లు ఆ సందులలో పెట్టును. కుక్కకు మందు వేసి గోడను విడిచినచో నెలకు మరల మొదటికే వచ్చును. బీటలు పూడ్చి సున్నము కొట్టించుట మంచి పని.

ఇక నాకు సంబంధించిన సంగతి. చేనికి కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి కుక్కకు పోయుట అనేక గ్రామములలో చూచుచున్నాము. ఆకుపై కొట్టుటకు తయారైన మందు చర్మము గుండ పోవును, ఒళ్ళు నాకినపుడు కడుపులోనికి పోవును. పిడుదులు చచ్చినట్లే కుక్కయు చచ్చును. గొడ్ల పిడుదులకు పశువైద్యశాలలో ఇచ్చు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ కూడ పిల్లికి విషమే. పిల్లి శరీరము వాటిని విరువలేదు. ఆ మందు పూసిన కుక్క ఆరునంత వరకు పిల్లిని దాని ప్రక్క పండుకొననీయరాదు. అమిట్రాజ్ మందు రక్తములో చక్కెరను పెంచును గనుక చక్కెర వ్యాధిగల కుక్కకు వాడరాదు.

దురదకు స్టెరాయిడ్ సూది వేసినచో ఒక పూటలో తగ్గును. అందుచేతనే దానిని కోరి వేయించుకొందురు. నెలనెలా వేయించిన కుక్క పొట్ట జారి, బొచ్చు పలుచనై, దాహము హెచ్చి, కండ కరగును. కొన్నాళ్ళు వాడిన పిమ్మట ఒక్కసారి మానుటయు ప్రమాదమే, క్రమముగా తగ్గింపవలెను. దురదకు కారణము పిడుదులా, గజ్జియా, తిండియా అని తెలిసికొనకుండ వేయు సూది, కారణము తెలియక ఆకు పసుపైన ప్రతి చేనికి యూరియా చల్లుట వంటిది.

ఆసుపత్రికి పోవునపుడు

నోటుపుస్తకము, వాడుచున్న మందుల అట్టలు వెంట తీసికొనిపోవుడు. మూత్రమును శుభ్రమైన సీసాలో పట్టి, పోవుటకు ముందు రెండు గంటలలోపుది తీసికొనిపోయినచో ఆలస్యము లేక పరీక్ష అగును. మండలములోని పశువైద్యశాలలో రక్తపరీక్ష వసతి లేనిచో తిరుపతి, గన్నవరము, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగరము, కోరుట్లలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు పోవచ్చును.

ఖర్చు సంగతి దాచరాదు. ఎంత పెట్టగలరో మొదటనే చెప్పినచో వైద్యుడు దానికి లోబడిన చికిత్స ఆలోచించును. ఖరీదైన చికిత్స మొదలుపెట్టి రెండు నెలలకు ఆపుట కంటె, చవుకైనది సంవత్సరముల తరబడి నడుపుట జంతువునకు మేలు.

చివరి దశలో తిండి మాని, లేవలేక, నొప్పి మందునకు లొంగకున్నపుడు సుఖమరణము కలుగజేయుమని పశువైద్యుని అడుగవచ్చును. ఇది పాపమని కొందరు జంకుదురు. ఊరి చివర విడిచివచ్చుట అంతకంటె క్రూరమని నా అభిప్రాయము. పిమ్మట కళేబరమును బయట పారవేయరాదు. అందుకు వాడిన మందు శరీరములో మిగిలియుండును. తిన్న కుక్కలు, పక్షులు చచ్చును. బావికి, బోరుకు, చెరువు గట్టునకు దూరముగా, మెరక నేలలో నాలుగు అడుగుల లోతున గొయ్యి తీసి, పూడ్చి, పైన ముళ్ళకంప వేసి రాళ్ళు పేర్చవలెను.